చుక్క ఒకచోట, చిల్లు ఒకచోట

పడవలోకి నీళ్లు వస్తున్నాయంటే అడుగున ఎక్కడో చిల్లు పడిందనుకుంటాం. కానీ ఏడెనిమిది మీటర్ల పొడవుండే క్యాబిన్ తెరచాప పడవల యజమానులను ఏళ్ల తరబడి వేధించేది కింది నీరు కాదు, పైనుంచి కురిసే వాన. రేవులో కట్టేసిన పడవ మీద రాత్రంతా వాన పడుతుంది. పొద్దున లోపలికి దిగితే పరుపు ఒక మూల తడిసి ఉంటుంది, అలమర వెనక గోడ మీద గోధుమరంగు చార కనిపిస్తుంది. 10 చదరపు మీటర్ల డెక్ మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే అక్కడ పడేది 250 లీటర్ల నీరు. అందులో సెకనుకు ఒక్క చుక్క లోపలికి జారినా, అలాగే కొనసాగితే రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది. ఆ నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎలా ఆపాలి అన్న రెండు ప్రశ్నల మీద ఫైబర్‌గ్లాస్ పడవలు పుట్టినప్పటి నుంచీ చర్చ నడుస్తూనే ఉంది. ఈమధ్య అది సందులు మూసే ఏ సీలెంటు మంచిదన్న ఒక్క ప్రశ్న దగ్గర ముడిపడిపోయింది. ఆ ముడిని విప్పి చూస్తే కారడం ప్రధానంగా జిగురుకు సంబంధించిన సమస్య కాదనీ, రెండు భాగాల మధ్య కదలికకూ నీరు పోయే దారికీ సంబంధించినదనీ తేలుతుంది. చర్చలోని పక్షాలను ఆ కోణంలోంచే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

చెక్క నుంచి ఫైబర్ దాకా

చెక్క డెక్ కారుతుందన్నది పాత నావికులకు కొత్త విషయం కాదు. పలకల సందుల్లో దూదీ నారా కూరి, పైన కీలు పోసి మూసేవారు. ఎండకు చెక్క ముడుచుకుంటే సందు విచ్చుకునేది, తడిస్తే ఉబ్బి మూసుకునేది. అందుకే డెక్‌ను సముద్రపు నీటితో కడిగి తడిగా ఉంచడం రోజువారీ పనిగా ఉండేది. ఉప్పునీరు చెక్కను కుళ్లబెట్టే బూజును అదుపులో ఉంచుతుంది. వాన నీటికి ఆ గుణం లేదు, పైగా బూజుకు కావలసిన తేమ అంతా అదే ఇస్తుంది. ఓడల పక్కటెముకల్లాంటి కమ్మల మధ్య ఉప్పు నింపి కలపను కాపాడే అలవాటు ఈ అనుభవంలోంచే వచ్చింది. మన కోరమాండల్ తీరపు మసూలా పడవది మరో దారి. పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టి, కుట్ల కింద నార కూరేవారు. కెరటం కొట్టినప్పుడు పడవ వంగి తట్టుకునేది, కొంత నీరు లోపలికి వచ్చేది, దాన్ని తోడిపోసేవారు. బిగువు తగ్గించి కదలికకు చోటివ్వడం, వచ్చిన నీటికి బయటికి దారి చూడడం ఆ పడవ కట్టుబడిలోనే ఉన్నాయి. ఈ రెండు సంగతులూ తరవాతి చర్చలో పక్కకు పోయాయని నా అభిప్రాయం.

1942లో అమెరికాలోని ఒహాయోలో రే గ్రీన్ గాజునారతో పాలిస్టర్ రెసిన్ కలిపి చిన్న పడవ చేశాడు. 1959 న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ సంస్థ కార్ల్ ఆల్బెర్గ్ గీసిన 28 అడుగుల ట్రైటన్‌ను ప్రదర్శించాక ఫైబర్ పడవలు కుటుంబాల అందుబాటులోకి వచ్చాయి. బ్రిటన్‌లో 26 అడుగుల వెస్టర్లీ సెంటార్ రెండు వేలకు పైగా, అమెరికాలో కాటలీనా 22 పదిహేను వేలకు పైగా తయారయ్యాయి. పలకలూ సందులూ లేని పడవ గనక కారడం అన్న మాటే ఉండదని కొనుగోలుదారులు ఆశపడ్డారు. నిజానికి సందులు పోలేదు, చోటు మార్చుకున్నాయి. పడవ ఒడలు ఒక అచ్చులో, డెక్ మరో అచ్చులో పోసి రెండింటినీ అంచు చుట్టూ కలపాలి. తాళ్లు కట్టే క్లీట్లు, రక్షణ తీగను మోసే నిలువు కడ్డీలు, కిటికీలు, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే చైన్‌ప్లేట్లు, వీటన్నిటి కోసం డెక్‌లో పదుల కొద్దీ చిల్లులు పడ్డాయి. బరువు తగ్గించి గట్టిదనం పెంచడానికి రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కను ఇరికించారు. మూసెయ్యాల్సిన సందుల మొత్తం పొడవు తగ్గింది గానీ, ఒక్క చిల్లు నిర్లక్ష్యానికి గురైతే జరిగే నష్టం బాగా పెరిగింది. చెక్క డెక్ కారితే పరుపు తడుస్తుంది. ఫైబర్ డెక్ కారితే నీరు ముందు బాల్సాలోకి పోతుంది, పరుపు మీదికి రావడానికి ఏళ్లు పట్టవచ్చు.

నష్టం అక్కడితో ఆగదు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే బూజు పట్టదు. 30 శాతం ప్రాంతానికి చేరి, వెచ్చదనం తోడైతే కుళ్లు మొదలవుతుంది. కుళ్లిన బాల్సా మీద డెక్ మెత్తబడుతుంది, మెత్తబడిన డెక్‌లో బోల్టులు ఇంకా కదులుతాయి, చిల్లు ఇంకా విచ్చుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలుదీ ఇదే కథ. దాన్ని తుప్పు నుంచి కాపాడే పలుచని పొర నిలవాలంటే గాలిలోని ఆక్సిజన్ తగలాలి. డెక్ మందంలో ఇరుక్కున్న చైన్‌ప్లేట్ చుట్టూ నీరు కదలకుండా నిలిస్తే ఆ గాలి అందదు, కంటికి కనపడనిచోట లోహం పగుళ్లిస్తుంది. ఒకరోజు గట్టి గాలిలో స్తంభమే కూలవచ్చు. కాబట్టి వాన కారడాన్ని సౌకర్యానికి సంబంధించిన చిన్న చిరాకుగా కొట్టిపారేసే వైఖరిని ఈ చర్చలో ఒక పక్షంగా కూడా లెక్కించడానికి వీల్లేదు.

చిల్లు వెతకడం

పెంకుటిల్లు కురుస్తున్నప్పుడు చుక్క పడిన చోటికి సరిగ్గా పైనున్న పెంకు తీసి చూస్తే చాలాసార్లు అది బాగానే ఉంటుంది. నీరు పైనెక్కడో దూరి, వాసం వెంట జారి, ముడి ఉన్నచోట రాలుతుంది. పడవలో ఈ ప్రయాణం ఇంకా పొడవు. డెక్ కింద లోపలి కప్పు అందం కోసం తొడిగిన మరో తొడుగు. రెండింటి మధ్య నీరు ముందు నుంచి వెనక్కి మీటర్ల దూరం పోగలదు. పడవ ఏ పక్కకు ఒరిగి ఉందన్నదాన్ని బట్టి దారి కూడా మారుతుంది. అందుకే ఆచూకీ తీసే పద్ధతుల మీద మూడు అభిప్రాయాలు నిలబడ్డాయి.

మొదటిది నీటితో పరీక్ష. లోపల ఒకరు టార్చితో, బయట ఒకరు గొట్టంతో ఉండి, డెక్ కింది అంచు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అమరికనూ కొన్ని నిమిషాలు తడుపుతూ పైకి పోతారు. పైనుంచి మొదలుపెడితే జారిన నీరు కింది చిల్లులన్నిటినీ తడిపి లెక్క చెడగొడుతుంది. లోపల అనుమానమున్నచోట టాల్కం పౌడరు చల్లితే నీటి దారి గీతలా తేలుతుంది. రెండోది గాలితో పరీక్ష. కిటికీలూ ద్వారాలూ మూసి, ఫ్యానుతో క్యాబిన్‌లోకి గాలి నెట్టి, బయట సబ్బునీళ్లు రాస్తే చిల్లున్నచోట బుడగలొస్తాయి. హుస్సేన్‌సాగర్‌లో పందేలాడే లేజర్ లాంటి క్యాబిన్ లేని చిన్న పడవల మూసిన ఒడలిని కూడా తక్కువ ఒత్తిడి గాలితో, సబ్బునీటితో ఇలాగే పరీక్షిస్తారు. మూడో అభిప్రాయం వెతకడమే వృథా అంటుంది. పాత పడవలో ఒకటి కారుతోందంటే అదే వయసున్న మిగతావీ కారబోతున్నాయి గనక అన్నింటినీ వరసగా విప్పి మళ్లీ బిగించమంటుంది.

మొదటి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని లోపం మరోదానికి బలం. గాలి పరీక్ష ఒక మధ్యాహ్నంలో అన్ని చిల్లులనూ చూపిస్తుంది, కానీ ఏ చిల్లు నుంచి నీరు ఎటు పోతోందో చెప్పదు. తలుపు సందులూ గాలి కిటికీలూ గట్టిగా మూయకపోతే ఒత్తిడే నిలవదు. గొట్టం పరీక్ష దారి చూపిస్తుంది, కానీ ఓపిక కావాలి. పైగా నెమ్మదిగా ఇంకే చోట్లు పది నిమిషాల్లో బయటపడవు. దానికి కారణముంది. నీటిని లోపలికి లాగేది బరువు ఒక్కటే కాదు. పదో వంతు మిల్లీమీటరు సందులో, శుభ్రమైన ఉపరితలాల మధ్య, నీరు తనంతట తాను దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తుకు ఎక్కగలదు. రాత్రంతా నిలిచిన మంచు తడి కూడా అలా పాకి చేరుతుంది. ఇక రెండు పరీక్షలకూ ఉన్న పెద్ద లోపం, వాటిని పడవ రేవులో కదలకుండా ఉన్నప్పుడు చెయ్యడం. గాలికి ఒరిగినప్పుడు చైన్‌ప్లేట్ మీద పడే లాగుడు, ఒడలు మెలిపడడం అప్పుడుండవు. ఒరిగినప్పుడు మాత్రమే తెరుచుకునే సందు ఏ పరీక్షకూ దొరకదు. అందుకే పరీక్ష సమయంలో ఒకరు నిలువు కడ్డీలను పట్టి ఊపడం, స్తంభం తీగలను బిగించి చూడడం అదనపు హంగు కాదు, పరీక్షలో ముఖ్యభాగం.

అన్నింటికంటే ముందు తేల్చుకోవలసింది అది వాన నీరేనా అన్నది. మూసిన క్యాబిన్‌లో ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి వాళ్ల ఊపిరిలోంచీ ఒంటిమీంచీ అర లీటరు పైగా నీరు గాలిలో చేరుతుంది. కిలో ప్రొపేన్ గ్యాసు మండితే 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. ఆ ఆవిరి చల్లని బోల్టు తలల మీద పేరుకుని చుక్కలుగా రాలితే అచ్చం బోల్టు చిల్లు కారినట్టే ఉంటుంది. అలాంటి బోల్టుకు ఎన్ని సీలెంట్లు పూసినా చుక్క ఆగదు. దానికి మందు గాలి ఆడడమే. స్తంభం డెక్‌ను చీల్చుకుని అడుగుదాకా దిగే పడవల్లో ఇంకో తిరకాసు ఉంది. తాళ్లు బయటికొచ్చే రంధ్రాల్లోంచి వాన స్తంభం లోపలే దిగి అడుగుగుంటకు చేరుతుంది. డెక్ దగ్గర స్తంభం చుట్టూ ఉండే పట్టీ ఎంత బిగించినా ఆ నీరు ఆగదు.

జిగురు వాదం

ఎక్కువ సిరా ఖర్చయింది ఇక్కడే. పాలీసల్ఫైడ్ 1920లలో పుట్టిన కృత్రిమ రబ్బరు కుటుంబానిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ఇంధన ట్యాంకులను మూసి పేరు తెచ్చుకుంది. టేకు చెక్కకు అది బాగా పడుతుంది, ఆక్రిలిక్ లాంటి ప్లాస్టిక్‌ను మాత్రం దెబ్బతీస్తుంది. త్రీఎమ్ 5200, సికాఫ్లెక్స్ లాంటి పాలీయూరిథేన్లు సీలెంటు కంటే జిగురుకు దగ్గర. అంటించినది మళ్లీ ఊడదీస్తే పై పొర కూడా పెచ్చులుగా లేచిరావచ్చు. సిలికోన్ ఎండకూ వేడికీ చెక్కుచెదరదు, కానీ అది తాకిన ఉపరితలం మీద తరవాత రంగు గానీ మరో జిగురు గానీ నిలవడం కష్టం. 1937లో అమెరికాలో స్పార్క్స్, థామస్ కనిపెట్టిన బ్యూటైల్ రబ్బరుతో చేసే మెత్తని టేపు ఎప్పటికీ గట్టిపడదు, లాగితే సాగుతూ రెండువైపులా అంటుకునే ఉంటుంది. బలంగా పట్టి ఉంచే శక్తి మాత్రం దానికి లేదు, పెట్రోలు లాంటి ద్రావకాలు తగిలితే కరుగుతుంది.

బలమైన జిగురే మేలనేవారి వాదం తేలికైనది కాదు. పదేళ్లు కదలకుండా పట్టి ఉంచేది ఉండగా మెత్తనిదెందుకు అని వాళ్లు అడుగుతారు. ఒడలికీ డెక్‌కూ మధ్య అంచుకు సంబంధించినంత వరకు వాళ్లే నిజం. ఆ అతుకు పడవ గట్టిదనంలో భాగం, దాన్ని ఎవరూ మళ్లీ విప్పరు. బ్యూటైల్ వాదులది మరో లెక్క. క్లీట్‌నూ కడ్డీనీ ఎప్పుడో ఒకప్పుడు విప్పక తప్పదు గనక, విప్పినా డెక్ దెబ్బతినని పదార్థమే వాడాలంటారు. నా దృష్టిలో రెండు పక్షాలూ ఒక సంఖ్యను సరిగ్గా పట్టించుకోలేదు. అది సీలెంటు మందం. బోల్టును ఒక్కసారిగా బిగించేస్తే సీలెంటు అంతా బయటికి పొంగి, మధ్యలో పదో వంతు మిల్లీమీటరు పొర మిగులుతుంది. అక్కడ అర మిల్లీమీటరు కదలిక వస్తే ఆ పొర తనకు ఆరు రెట్లు సాగాలి. ఏ సీలెంటూ ఏళ్ల తరబడి దాన్ని భరించలేదు. అదే పొర 2 మిల్లీమీటర్లుంటే అదే కదలికకు 25 శాతం సాగితే చాలు, మంచి సీలెంట్లు దాన్ని తట్టుకుంటాయి. డబ్బా మీది పేరు కన్నా ఈ ఒక్క తేడా ఎక్కువ పని చేస్తుంది.

బోల్టు చిల్లు పై అంచును గరాటులా చెక్కమని చాలామంది పనివాళ్లు చెప్పడంలో ఉన్న బలం ఇదే. ఎంత బిగించినా ఆ గరాటులో బోల్టు మెడ చుట్టూ మందపాటి వలయం మిగులుతుంది. ఆక్రిలిక్ కిటికీల విషయంలో ఈ లెక్క మరీ స్పష్టం. మీటరు పొడవున్న ఆక్రిలిక్ పలక 40 డిగ్రీల వేడి తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, దాని కిందున్న ఫైబర్ ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే పెరుగుతుంది. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాను స్క్రూలతో బిగించి ఆపాలని చూస్తే చిల్లు దగ్గర ప్లాస్టిక్ పగులుతుంది. మందపాటి, సాగే పరుపు మీద పలకను తేలనిస్తే నిలుస్తుంది.

కదలికకు చోటు, నీటికి దారి

కదలికను సీలెంటు భరించేలా చెయ్యడం ఒక ఎత్తు, కదలికనే తగ్గించడం మరో ఎత్తు. 60 సెంటీమీటర్ల కడ్డీ పైచివర మనిషి 50 కిలోల బరువుతో వాలితే, 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న బోల్టు మీద 300 కిలోల లాగుడు పడుతుంది. చిన్న వాషరు మాత్రమే ఉంటే డెక్ అక్కడ వంగుతుంది. డెక్ కింద వెడల్పాటి లోహపు పలక వేస్తే ఆ బలం పరుచుకుంటుంది, సీలెంటు మీద భారం తగ్గుతుంది. తరవాతి మెట్టు బాల్సాను నీటి నుంచి వేరుచెయ్యడం. బోల్టుకు కావలసినదానికంటే పెద్ద చిల్లు చేసి, లోపలి అంచుల బాల్సాను కొంత తొలిచి, చిక్కటి ఎపాక్సీ రెసిన్ నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలోంచి అసలు చిల్లు తొలుస్తారు. మిషిగన్‌లో గోజన్ సోదరులు ఎపాక్సీని పడవల పనికి తగినట్టు మలిచాక, డాన్ కేసీ రాసిన ‘దిస్ ఓల్డ్ బోట్’ లాంటి పుస్తకాలు ఇలాంటి పనులను సొంతంగా చేసుకునే యజమానుల చేతికి అందించాయి. దీనివల్ల వచ్చే మార్పు చిన్నది కాదు. సీలెంటు రేపు ఓడిపోయినా నీరు బాల్సాలోకి పోదు, ఎపాక్సీ గొట్టంలోంచి నేరుగా క్యాబిన్‌లోకి చుక్కగా రాలుతుంది. అంటే కనిపిస్తుంది, ఆచూకీ దొరుకుతుంది. బయటపడే కారుడు దాగిన కారుడు కన్నా ఎంతో మేలు.

పెంకుటింటి కప్పులో ఏ సందునూ జిగురుతో మూయం. ఏటవాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన పెంకులు, చూరు, ఇవే నీటిని దాటిస్తాయి. పడవ కట్టేవారిలోనూ ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. 1930లో నీటిలోకి దిగిన ఒలిన్ స్టీఫెన్స్ గీసిన డొరాడ్ పడవ పేరు మీదే నిలిచిపోయిన గాలిపెట్టె దానికి ఉదాహరణ. అందులోకి గాలితోపాటు నీరూ వస్తుంది. పెట్టె లోపలి అడ్డం నీటిని ఆపి, అడుగు రంధ్రాల్లోంచి డెక్ మీదికే పంపుతుంది, గాలి మాత్రం క్యాబిన్‌లోకి దిగుతుంది. డెక్ మీది ప్రతి అమరికనూ కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున ఎపాక్సీ దిమ్మె మీద కూర్చోబెట్టడం, పైతలుపు (హ్యాచ్) చుట్టూ గట్టు పెంచడం, నీరు నిలిచే పల్లంలో చిల్లు చెయ్యకపోవడం ఇదే కోవలోవి. నీరు నిలవనిచోట సామాన్యమైన సీలెంటు కూడా ఏళ్లు నిలుస్తుంది.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం గట్టిది. పడవ ఇల్లు కాదు, సముద్రంలో కెరటం డెక్ మీద విరుచుకుపడినప్పుడు నీరు వాలు వెంట మర్యాదగా జారదు, అన్నివైపుల నుంచీ ఒత్తిడితో దూరుతుంది, కాబట్టి దారి చూపడం చాలదు, మూయాల్సిందే అంటారు. నిజమే. అయితే దారి చూపడమంటే మూయడం మానెయ్యమని కాదు. మూత ఎప్పటికైనా ఓడిపోతుందన్న లెక్కతో దాని వెనక రెండో రక్షణ పెట్టమని. పైగా చిన్న పడవలు ఎక్కువ కాలం గడిపేది రేవుల్లోనే, వాటి మీద పడేది ఎక్కువగా వానే. రెండో అభ్యంతరం ఖర్చుకు సంబంధించినది. ఇరవై, ముప్పై అమరికలను విప్పి, తొలిచి, ఎపాక్సీ నింపి, మళ్లీ బిగించడానికి వారాంతాలు గడిచిపోతాయి. పాత పడవ వెలకు ఆ శ్రమ తగినదేనా అన్న ప్రశ్న న్యాయమైనదే. దీనికి నా జవాబు, అన్నీ ఒకేసారి చెయ్యనక్కర్లేదు. లాగుడు ఎక్కువ పడే చైన్‌ప్లేట్లు, కడ్డీలు, తాళ్లు కట్టే క్లీట్లు ముందు. బరువు మోయని చిన్న అమరికలకు పగుళ్లలోకి పాకే పలుచని సీలెంటు తాత్కాలికంగా సరిపోతుంది. చైన్‌ప్లేట్ దగ్గర మాత్రం పైపూత పనికిరాదు. అక్కడ విప్పకుండా పూయడమంటే తుప్పును మూతపెట్టి దాచడమే.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు నమ్మదగిన జవాబు లేదు. సీలెంటును రెండు దఫాలుగా బిగించాలా, అంటే కొంత గట్టిపడ్డాక మిగతా బిగింపు ఇవ్వాలా అన్నది అందులో ఒకటి. మందం నిలుస్తుంది గనక మంచిదని కొందరంటారు. గట్టిపడుతున్న పొరను మళ్లీ నొక్కితే లోహానికి అంటిన పట్టు విడిపోతుందని ఇంకొందరంటారు. గరాటు చెక్కితే ఈ ప్రశ్న చాలావరకు అక్కర్లేకుండా పోతుందన్నది నా మొగ్గు, కానీ వెడల్పాటి చదును అమరికలకు ఆ ఉపాయం పూర్తిగా పనిచెయ్యదు. తడిసిన బాల్సాను చిన్న చిల్లుల్లోంచి ఎపాక్సీ ఎక్కించి బతికించవచ్చా అన్నది రెండోది. నీరున్నచోట ఎపాక్సీ సరిగా పట్టదు, మూసిన పొరల మధ్య బాల్సా పూర్తిగా ఆరడం కష్టం. కాబట్టి పై పొర కోసి, కుళ్లినది తీసి, కొత్తది వేసేవారి వైపే సాక్ష్యం ఎక్కువ బలంగా ఉంది. అయినా అంగుళాల వెడల్పున ఉన్న చిన్న తడికి అంత కోత అవసరమా అన్నది ఒక్కో పడవను బట్టి తేల్చుకోవాల్సిందే. ఆ తడి ఎంత మేర ఉందో చెప్పే తేమ మీటర్లు కూడా ఇనుము, ఉప్పు, డెక్ కిందున్న పలకల వల్ల తప్పు చూపుతాయి. సుత్తితో తట్టి చప్పుడు వినే పాత పద్ధతితో సరిపోల్చకుండా వాటిని నమ్మి డెక్ కోయడం ప్రమాదం.

అన్నింటికంటే కష్టమైనది లోపలి తొడుగు. చాలా పడవల్లో బోల్టుల నట్లు ఆ తొడుగు వెనక చెయ్యి దూరనిచోట ఉండిపోయాయి. పైన ఏ సీలెంటు వాడాలన్న చర్చ ఎంత సాగినా, కింది నట్టును పట్టుకోవడానికి తొడుగులో ఎక్కడ కోయాలి, కోసినచోట మూత ఎలా పెట్టాలి అన్నది అచ్చు గీసినవాళ్లు ఆనాడే ఆలోచించాల్సిన విషయం. ఇప్పుడు ఆ పని పడవ కొన్నవాడి మీద పడింది.